స్పానియల్ పేరులో ఉన్న స్పెయిన్

మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఒక కాకర్ స్పానియల్ కుక్క ఉంది. పొద్దున్నే కింద గడ్డిలోకి వదిలితే అది తిన్నగా నడవదు. ముక్కు నేలకు ఆనించి ఎడమకు కొంత, కుడికి కొంత, మళ్లీ ఎడమకు పోతుంది. తోక ఒక్క క్షణం ఆగదు. పొద పక్కన పావురం దొరికితే ఒక్క దూకు దూకి లేపుతుంది గానీ వెంటపడదు. వెనక్కి తిరిగి, తనను తీసుకొచ్చిన ఆవిడ మొహం వైపు చూస్తుంది. ఆ చూపు నాకు భలే ఇష్టం. అదేమిటో తెలుసుకోవాలని వెతుకుతూ పోతే, ఆ కుక్క పేరు దగ్గర తేలాను.

స్పానియల్ అనే మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అర్థం ‘స్పెయిన్‌ది’ అని. మనం ఒంగోలు గిత్త, పుంగనూరు ఆవు అన్నట్టే. 1387లో గాస్టన్ ఫెబూస్ అనే ఫ్రెంచి ప్రభువు వేట గురించి ఒక పుస్తకం మొదలుపెట్టాడు. ఈ కుక్కల జాతి స్పెయిన్ నుంచి వస్తుందనీ, మిగతా దేశాల్లో కూడా చాలా ఉన్నాయనీ అందులో చెప్పాడు. ఆయన కాలానికే ఇవి అంతటా పాకిపోయాయన్నమాట. పేరును పక్కన పెడితే, ఇవి స్పెయిన్‌లోనే పుట్టాయనడానికి గట్టి రుజువు లేదు. నాకైతే ఇది ఒంగోలు గిత్త లాంటి పేరు కంటే మన సీమచింత లాంటి పేరు అనిపిస్తుంది. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఆ చెట్టుకు మనవాళ్లు ‘సీమ’ అని తగిలించి ఊరుకున్నారు. బయటి నుంచి వచ్చిందని చెబుతుంది తప్ప, సరిగ్గా ఎక్కడిదో ఆ పేరు చెప్పదు.

ఇంకో ముచ్చట. స్పెయిన్‌ను రోమన్లు హిస్పానియా అనేవారు. ఆ పేరు ఫినీషియన్ వర్తకులు, అంటే నేటి లెబనాన్ తీరంలో ఉండిన ప్రాచీన ఓడ వర్తకులు, పెట్టిందని ఒక వాదన ఉంది. అక్కడి కుందేళ్లను చూసి, తమ దేశపు రాళ్లలో తిరిగే హైరాక్స్ అనే చిన్న జంతువే అనుకుని ‘హైరాక్స్‌ల తీరం’ అన్నారట. అదే నిజమైతే, పొదల్లోంచి కుందేళ్లను లేపే కుక్క పేరు లోపల ఆ కుందేళ్లే దాక్కుని ఉన్నాయి.

దేశం సంగతి ఎలా ఉన్నా, చేసే పని సంగతి మాత్రం ఈ కుక్కల మిగతా పేర్లు స్పష్టంగా చెబుతాయి. తుపాకులు రాకముందు పక్షుల వేట డేగలతోనూ వలలతోనూ జరిగేది. కౌజు పిట్టల వాసన తగలగానే కొన్ని స్పానియళ్లు కదలకుండా నేలకు కరుచుకుని ఉండిపోయేవి. వేటగాళ్లు వలను కుక్క మీదుగానే లాగి పిట్టల మీద పరిచేవారు. అలా నక్కి ఉండే వాటి నుంచే సెట్టర్లు అనే నేటి వేటకుక్కలు వచ్చాయి. 1570లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ కైయస్ తమ దేశపు కుక్కల మీద లాటిన్‌లో చిన్న పుస్తకం వేశాడు. అందులో నేల మీద పనిచేసే స్పానియళ్లనూ, నీళ్లలో దిగేవాటినీ వేరుగా చూపాడు.

తుపాకీ వచ్చాక పిట్ట గాల్లోకి లేవడమే ముఖ్యమైంది. దాన్ని దూకి లేపేది స్ప్రింగర్. దట్టమైన పొదల్లో వుడ్‌కాక్ అనే పక్షిని లేపేది కాకర్. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఈ రెండూ చాలాకాలం వేర్వేరు జాతులు కావు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో పెద్దవి స్ప్రింగర్లు, చిన్నవి కాకర్లు. 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు, హద్దు. తక్కెడ ముల్లు ఎటు మొగ్గితే అన్నదమ్ములకు ఆ పేరు. కుక్కల జాతులను నమోదు చేసే ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ స్ప్రింగర్‌ను విడి జాతిగా గుర్తించింది 1902లో.

అయితే స్పానియల్ అని పేరున్నవన్నీ ఇలాంటివి కావు. టిబెటన్ స్పానియల్ అసలు వేటకుక్కే కాదు, బౌద్ధ మఠాల్లో పెరిగినది. పోలిక చూసి పాశ్చాత్యులు ఆ పేరు పెట్టారు.

వేట తగ్గినా ఆ ముక్కుకు పని తగ్గలేదు. 2003లో ఇరాక్‌లోని సఫ్వాన్‌లో బస్టర్ అనే స్ప్రింగర్, బ్రిటిష్ సైనికులు వెతికినా దొరకని ఆయుధాలనూ పేలుడు పదార్థాలనూ పసిగట్టింది. జంతువుల ధైర్యానికి ఇచ్చే డికిన్ పతకం దానికి ఆ ఏడాదే వచ్చింది.

స్పానియల్‌ను పెంచేవాళ్లు మాత్రం ముక్కు కంటే చెవుల గురించే ఎక్కువ టెన్షన్ పడాలి. పొడవుగా వేలాడే చెవి, లోపలి గొట్టాన్ని మూతలా కప్పేస్తుంది. గాలి ఆడదు, తడి ఆరదు. బాక్టీరియా, ఈస్ట్ పెరగడానికి అంతకంటే ఏం కావాలి? చెవి ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండి, గోధుమరంగు జిగురు, పుల్లటి వాసన ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. మన వానాకాలంలో ఇంకా జాగ్రత్త.

ఇక ఆ చూపు సంగతి. స్పానియల్ తుపాకీ గుండు అందేంత దూరం లోపలే, మనిషికి ముందు అటూ ఇటూ తిరుగుతూ వెతకాలి. పిట్ట లేవగానే ఆగి, తర్వాత ఏం చేయాలో మనిషి చెప్పేదాకా చూడాలి. వందల ఏళ్లుగా మనిషిని ఇలా కనిపెట్టుకుని ఉండే కుక్కలనే ఏరి ఏరి పెంచారు. మా కాకర్‌కు తుపాకీ అంటే ఏమిటో తెలియదు. అయినా పావురం లేచాక ఆగుతుంది, తిరిగి చూస్తుంది. ఆవిడ పిలుస్తుంది. అది పరుగెత్తుకొచ్చి కూర్చోగానే, మంచుకు తడిసిన చెవులను ఒక్కొక్కటే ఎత్తి తువ్వాలుతో తుడుస్తుంది.