మాల్దీవుల్లో టీచర్ ఉద్యోగం: వానాకాలం గురించి అపోహలు, వాస్తవాలు

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. మాల్దీవుల్లో లెక్కల టీచర్‌గా నాకిది ఆరో ఏడు. మన వైపు నుంచి కొత్తగా వచ్చేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. అందరి ప్రశ్నలూ బీచ్ గురించే. పడవల సంగతి ఒక్కరూ అడగరు. మే నుంచి నవంబర్ దాకా మా రోజులు నడిచేది పడవల మీదే.

అపోహ: రిసార్ట్ పక్కనే ఉంటాం, సాయంత్రం అయితే బీచే.

ఆ దేశంలో దీవులు సుమారు 1,190. జనం కాపురం ఉండేవి 200 లోపే. రిసార్టులు వేరే దీవుల్లో ఉంటాయి, టీచర్లం స్థానికుల మధ్య ఉంటాం. మా దీవిని ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాల్లో నడిచేయొచ్చు. ఒక బడి, ఒక హెల్త్ సెంటర్, మూడు కొట్లు, అంతే. ముస్లిం దేశం కాబట్టి సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం తీరిగ్గా మా ఇంట్లోవాళ్ళు వీడియో కాల్ చేసేసరికి నేను తొమ్మిదో తరగతిలో సమీకరణాలు చెబుతుంటాను.

అపోహ: చుట్టూ సముద్రం, పైన వాన. ఇంకేం, చల్లగా ఉంటుంది.

ఉండదు. పగలు 30 డిగ్రీలు, రాత్రి 25, 26. ఏడాదంతా ఇంచుమించు ఇదే వరస. అంకెలు చూస్తే మన మే నెల కంటే నయమే, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. వాన ఆగిన పది నిమిషాలకే ఎండ కాస్తుంది, అప్పుడు క్లాసు ఇడ్లీ పాత్రలా ఉంటుంది. ఉతికిన బట్టలు రెండు రోజులైనా చెమ్మగానే ఉంటాయి. తోలు చెప్పులకు, బెల్టుకు బూజు. సైకిల్ చెయిన్‌కు ఉప్పుగాలి తుప్పు. అమ్మ కట్టి ఇచ్చిన కారప్పొడి వారంలో గడ్డ కడుతుంది. సర్టిఫికెట్లు మాత్రం గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోండి. నా డిగ్రీ మార్కుల జాబితా మీద మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: వానాకాలమంటే ముసురే, బడికి సెలవులే.

వాన వస్తుంది, కొడుతుంది, పోతుంది. రేకుల మీద ఆ చప్పుడుకు పాఠం వినపడదు కాబట్టి బోర్డు మీద రాసి చూపిస్తాను. పిల్లలు నడిచి వచ్చేవాళ్ళే కనుక వానకని మా బడి మూసింది చాలా తక్కువ.

ఈ వానాకాలాన్ని స్థానికులు హుళంగు అంటారు, నైరుతి రుతుపవనం. డిసెంబర్ నుంచి వచ్చే పొడి కాలం ఇరువై. మొదటి ఏడు నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్ళ నకై లెక్క. ఏడాదికి 27 నకైలు, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. పేర్లు వినండి: రోను, మియహెలియా, అద. మన రోహిణి, మృగశిర, ఆరుద్రలే! తేదీలు మాత్రం మన కార్తెల కంటే నాలుగైదు రోజులు ముందుంటాయి. మనకు రోహిణిలో రోళ్ళు పగులుతాయి, వాళ్ళకు అదే రోనులో గాలివాన, అల్లకల్లోలమైన సముద్రం. పక్కింటి ముసలాయన వేటకు వెళ్ళాలా వద్దా అనేది ఇప్పటికీ నకై చూసుకునే చెబుతాడు. మా నాన్న నారుమడికి కార్తె చూసినట్టే.

అపోహ: తిండికి ఇబ్బంది లేదు, అన్నీ దొరుకుతాయి.

పడవ వస్తే దొరుకుతాయి. పగడపు నేలలో పండేది తక్కువ. ఉల్లిపాయ, బంగాళాదుంప, బియ్యం, పప్పు, అన్నీ రాజధాని మాలే నుంచి సరుకుల పడవలో రావాలి. వాతావరణ శాఖ వాళ్ళు హెచ్చరికను తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తారు. రంగు ముదిరితే పడవలు కదలవు. నాలుగో రోజుకు కొట్లో మిగిలేది బిస్కెట్లు, టిన్ చేపలు. అప్పుడు టమాటా కోసం టీచర్ల మధ్య జరిగే బేరసారాలు చూడాలి. ఒకసారి రెండు టమాటాలకు నేను ఒకావిడ పరీక్ష పేపర్లు దిద్దిపెట్టాను.

చేప తినేవాళ్ళకు బెంగ లేదు. ట్యూనా, కొబ్బరి, ఉల్లి, మిరపకాయ, నిమ్మరసం కలిపి చేసే మాస్ హునిని రోషితో తింటే పొద్దుటి టిఫిన్ అయిపోయినట్టే. రోషి అంటే మన చపాతీకి తమ్ముడు. శాకాహారులకు కష్టమే. అయితే పెరళ్ళలో మునగచెట్లు ఉంటాయి, అడిగితే కొమ్మలు విరిచి ఇస్తారు. కందిపప్పు, చింతపండు ఇంటి నుంచి ఎక్కువే తెచ్చుకోండి. పప్పులో మునగాకు వేస్తే వారం గడిచిపోతుంది.

అపోహ: ఇంత వానకు మలేరియా ఖాయం.

మాల్దీవులను మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ధ్రువీకరించింది. భయపడాల్సింది డెంగీకి. ఆ దోమ పగలే కుడుతుంది, అంటే మనం క్లాసులో ఉండగానే. కొబ్బరి చిప్ప, బకెట్, మూత లేని ట్యాంకు, ఎక్కడ నీరు నిలిచినా పెరుగుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ వరకే. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టుకోకండి. రక్తపరీక్షను రేపటికి వాయిదా వేయకండి. రోగం ముదిరితే పెద్ద ఆసుపత్రి ఇంకో దీవిలో ఉంటుంది, వెళ్ళడానికి మళ్ళీ ఆ పడవే.

అపోహ: వాన పడే చోట నీళ్ళకు కొరత ఏమిటి?

బావి నీళ్ళు చాలా దీవుల్లో ఉప్పగా మారాయి. 2004 సునామీ తర్వాత మరీ చెడ్డాయి. తాగడానికి కప్పు మీది వాన నీటిని పెద్ద ట్యాంకుల్లో పడతారు, కొన్ని చోట్ల సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇస్తారు. ఎండాకాలం తర్వాత పడే మొదటి వాన నీళ్ళను ట్యాంకులోకి వదలకూడదు. కప్పు మీద దుమ్ము, రెట్టలు కడుక్కుపోయాకే గొట్టం తగిలించాలి. ఇది నాకు మా ఏడో తరగతి పిల్లలు నేర్పారు.

అపోహ: జీతం డాలర్లలో, భాష రాకపోతే కష్టం.

రెండూ తప్పే. మాకు జీతం రుఫియాల్లో ఇస్తారు. డాలర్‌కు 15.42 అనేది అధికారిక లెక్క, ఆ ధరకు డాలర్ దొరకడమే తంటా. ఇంటికి ఎంత పంపగలమో ముందే అక్కడున్నవాళ్ళను అడిగి తెలుసుకోండి. ఇక పాఠాలు ఇంగ్లీషులోనే. స్థానిక భాష దివెహి మాత్రం కుడి నుంచి ఎడమకు రాస్తారు, అందుకే పిల్లల దివెహి నోట్సు మనం ఆఖరి పేజీ అనుకునే చోట మొదలవుతుంది. మొదటి నెల నేను తిరగేసి పట్టుకుంటే క్లాసంతా నవ్వింది.

సెలవులకు ఇంటికి బయల్దేరేవాళ్ళకు ఒక్క మాట. హుళంగులో విమానం టికెట్ ఉన్న రోజే దీవి నుంచి బయల్దేరకండి. కనీసం రెండు రోజుల ముందే మాలే చేరండి. నేను ఒకసారి జెట్టీలో సూట్‌కేసు మీద కూర్చుని, నా విమానం వెళ్ళిపోయే టైమును ఫోన్‌లో చూసుకున్నాను. పక్కనే పడవ ఉంది, నడిపేవాడూ ఉన్నాడు. ఎరుపు హెచ్చరిక మర్నాడు సాయంత్రానికి గానీ తీయలేదు.