డాక్టర్ హూ పాత ఎపిసోడ్లు ఎలా పోయాయి?

మా విజయనగరంలో బీబీసీ వాళ్ల సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ డాక్టర్ హూ చూసేవాళ్లం గట్టిగా లెక్కేస్తే ఆరుగురం. మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ తాగుతూ, ఆ డాక్టర్ పాత్ర వేసిన నటుల్లో ఎవడు గొప్పోడని మొదలుపెట్టినా గొడవ చివరికి బీబీసీయే చెరిపేసిన పాత ఎపిసోడ్ల దగ్గరికే వస్తుంది. మొన్న ఒకడు "ఏటిరా, బీబీసీ అంత పెద్ద సంస్థకి ఆమాత్రం బుద్ధి నేదా" అన్నాడు. వాడి కోసమే ఇది.

సీరియల్ 1963 నవంబర్ 23న మొదలైంది. ముందురోజే కెనెడీ హత్య. ఆ హడావుడిలో చాలామంది చూడలేదని మరుసటి వారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. మామూలుగా అయితే ఆ రోజుల్లో చూడకపోతే పోయినట్టే. పదేపదే వేయడానికి నటుల సంఘంతో ఉన్న ఒప్పందం ఒప్పుకోదు, ఇంట్లో పెట్టుకుని చూడటానికి క్యాసెట్లు లేవు, రెండంగుళాల వీడియో టేపు చూస్తే బాగా ఖరీదు, పైగా చెరిపి దాని మీదే ఇంకోటి తీసుకోవచ్చు. అలాంటప్పుడు ఎవరు దాస్తారు? విదేశాలకి అమ్మడానికి 16 ఎంఎం ఫిల్మ్ కాపీలు తీశారు గానీ, కలర్ వచ్చాక బ్లాక్ అండ్ వైట్‌ని అడిగేవాళ్లు తగ్గిపోయి వాటినీ పారేశారు. 1970ల చివరిదాకా ఇదే వరస.

మా ఇంట్లో ఇంతకంటే ఏం బాగుంది? క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డవదు కదా, మా పిన్ని పెళ్లి క్యాసెట్‌కి అలాగే విరిచారు. మావయ్య ఆ కన్నం మీద సెల్లో టేపు అంటించి మరీ క్రికెట్ మ్యాచ్ ఎక్కించాడు. ఇప్పుడు మంగళసూత్రం దాకా పెళ్లి, ఆ తర్వాత బౌలింగ్.

నాకు ఎక్కువ బాధ 'మార్కో పోలో' కథ గురించి. మొదటి కథకి దర్శకుడైన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు, ఇందులోనూ ఎక్కువ భాగం ఆయనే తీశాడు. ఏడు ఎపిసోడ్లూ చెరిపేసినవాటిలోనే పోయాయి.

మాటలు మాత్రం పోలేదు. టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్న అభిమానుల పుణ్యమా అని పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ ఆడియో ఉంది. ఫిల్మ్ కాపీలు అప్పుడప్పుడు బయటి దేశాల్లో దొరికేవి. 2013లో నైజీరియాలోని జోస్ నుంచి తొమ్మిది వచ్చాయని చెప్పారు, అప్పటికీ ఇంకా 97 దొరకలేదు.

మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ మొహం పాట్రిక్ ట్రౌటన్ మొహంగా మారే 1966 నాటి ఎపిసోడ్ కూడా పోయినవాటిలోదే. ఆ మారే ముక్క మాత్రం మిగిలింది, అదీ బ్లూ పీటర్ అనే పిల్లల కార్యక్రమంలో ఎప్పుడో చూపించబట్టి.