బెల్లం మండీ పద్దు, బిట్‌కాయిన్ పద్దు

మా మేనమామ చిత్తూరులో ఒక బెల్లం మండీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. ఆయన చిట్టా పుస్తకం ఎర్ర గుడ్డ అట్టతో పొడుగ్గా ఉండేది. పుట నిండగానే అడుగున మొత్తం వేసి, అదే అంకెను తర్వాతి పుట నెత్తిన ‘వెనుకటి పుట మొత్తం’ అని ఎక్కించేవాడు. వేసవి సెలవుల్లో ఆ కూడికలు సరిచూడటం నా పని. తప్పితే ఒక మొట్టికాయ. చాలా ఏళ్ల తర్వాత బిట్‌కాయిన్ గురించి చదువుతుంటే నాకు నాణెం గుర్తుకు రాలేదు, పుట నెత్తిన ఉండే ఆ అంకె గుర్తొచ్చింది.

నిజానికి బిట్‌కాయిన్ లాంటి క్రిప్టోకరెన్సీలో నాణెం అనేదే లేదు. ఫోన్‌లో దాచుకున్న ఫైలు కూడా కాదు. ఉన్నదల్లా ఒక పద్దు పుస్తకం: ఫలానా ఖాతా నుంచి ఫలానా ఖాతాకు ఇంత. బ్యాంకులో మన డబ్బూ అంతే కదా అంటారేమో, అవును అంతే. కాకపోతే బ్యాంకు పుస్తకం బ్యాంకు దగ్గరే ఉంటుంది. బిట్‌కాయిన్ పుస్తకం నకళ్లు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటాయి, కావాలంటే మీరూ ఒకటి దించుకోవచ్చు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. తిరుపతిలో సినిమా టికెట్ క్యూఆర్ కోడ్‌ను ఇద్దరు స్నేహితులకు పంపామనుకోండి. గేటు దగ్గర మొదట వచ్చినవాడు లోపలికి పోతాడు, రెండోవాడు బయటే ఉంటాడు. ఎందుకంటే థియేటర్ వాళ్ల కంప్యూటర్ ఒకటి లెక్క చూస్తోంది. అలా చూసే యజమాని ఎవరూ లేకుండా, ఒకే డబ్బును రెండుసార్లు ఖర్చు పెట్టకుండా ఆపడం ఎలా? 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన తొమ్మిది పేజీల పత్రం దీనికే జవాబు చెప్పింది. 2009 జనవరి 3న ఆ పుస్తకంలో మొదటి పుట పడింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు.

మళ్లీ మండీకి వస్తాను. ఒక ఏడాది ఎవరో ఒక రైతు ఖాతాలో 400 రూపాయలు తగ్గించి, అదే పుటలో ఇంకొకరి ఖాతాలో 400 కలిపారు. మొత్తం మారలేదు కాబట్టి తర్వాతి పుట నెత్తిన అంకె కూడా చక్కగా సరిపోయింది. ఆ రైతు తన చీటీ పట్టుకొచ్చి గొడవ పెట్టుకునేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. కూడిక బలహీనత అది. లోపల ఏం మార్చినా, పైకి అదే మొత్తం వచ్చేలా సర్దేయొచ్చు.

బిట్‌కాయిన్ పుటలో కూడిక బదులు హ్యాష్ ఉంటుంది. షా-256 అనే లెక్కకు ఎంత పెద్ద రాత ఇచ్చినా 256 బిట్ల సంఖ్య ఒకటి ఇస్తుంది, రాస్తే 64 గుర్తులు. ‘చిత్తూరు’ అని ఇస్తే ఒకటి వస్తుంది. చివర ఒక చుక్క పెట్టి ఇస్తే పోలికే లేని ఇంకొకటి వస్తుంది. అదే రాత వందసార్లు ఇచ్చినా అదే జవాబు. జవాబును పట్టుకుని అసలు రాతను వెనక్కి లాగే దారి మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. పుటను బ్లాక్ అంటారు. ప్రతి బ్లాక్ నెత్తిన వెనుకటి బ్లాక్ హ్యాష్ ఉంటుంది. పదో పుటలో ఒక్క అంకె దిద్దితే దాని హ్యాష్ మారుతుంది, పదకొండో పుట నెత్తిన ఉన్నది సరిపోదు. దాన్నీ దిద్దితే పన్నెండోది చెడుతుంది. బ్లాక్‌చైన్ అన్న పేరు ఇందుకే.

అయితే కంప్యూటర్‌కు హ్యాష్ వేయడం రెప్పపాటు పని. దొంగ ఓపిగ్గా కూచుని పుటలన్నీ తిరగరాస్తే? అందుకే పుట రాయడాన్ని కావాలనే కష్టం చేశారు. ప్రతి పుటలో మనకు తోచిన సంఖ్య ఒకటి రాసుకోవడానికి చోటు ఉంటుంది. దాన్ని మారుస్తూ, పుట హ్యాష్ నిర్ణీత హద్దు కంటే చిన్నదయ్యేదాకా, అంటే మొదట్లో వరసగా బోలెడు సున్నాలు వచ్చేదాకా, వేస్తూనే పోవాలి. ఒక్క సున్నా ఎక్కువ కావాలంటే పని 16 రెట్లు పెరుగుతుంది. ఇప్పుడు కావలసినవి పందొమ్మిదికి తక్కువ కాదు. తెలివితో అయ్యే పని కాదు, గుడ్డిగా ప్రయత్నించాల్సిందే. తిరుమల ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరు వేసినట్టే, తగిలితే తగిలినట్టు. కాకపోతే డిప్ తీసే ఆఫీసు ఇక్కడ లేదు, ఎంత కరెంటు కాలిస్తే అన్ని చీట్లు వేసినట్టు. దీన్నే మైనింగ్ అంటారు. నా మటుకు నాకు ఆ మాట నచ్చదు, అక్కడ తవ్వేదేమీ లేదు.

సగటున పది నిమిషాలకు ఒకరికి తగులుతుంది. మిషన్లు పెరిగి పుటలు తొందరగా పడుతుంటే, ప్రతి 2016 బ్లాక్‌లకు, అంటే సుమారు రెండు వారాలకోసారి, కష్టం దానంతటదే సర్దుకుంటుంది. తగిలినవారికి కూలి కొత్త బిట్‌కాయిన్లు. మొదట్లో పుటకు 50 ఇచ్చేవారు, ప్రతి 2,10,000 పుటలకు అది సగమవుతుంది, 2024 ఏప్రిల్ నుంచి 3.125. 50, 25, 12.5 అని చివరిదాకా కూడుతూ పోతే దాదాపు 100. దాన్ని 2,10,000తో గుణించండి. బిట్‌కాయిన్లు 2.1 కోట్లకు మించవు అనేది ఈ లెక్కే.

ఇప్పుడు పాత పుట దిద్దాలనుకునే దొంగ సంగతి చూడండి. ఆ పుట నుంచి నేటిదాకా అన్నిటికీ మళ్లీ కరెంటు కాల్చాలి. ఈలోగా మిగతా ప్రపంచం కొత్త పుటలు కలుపుతూ ముందుకు పోతుంటుంది. ఎక్కువ పని జరిగిన పుస్తకాన్నే అందరూ అసలుదిగా తీసుకుంటారు కాబట్టి, మొత్తం యంత్రాల శక్తిలో సగానికి పైగా చేతిలో ఉంటే తప్ప అతను నమ్మకంగా దాటిపోలేడు. పెద్ద మొత్తాలకు ఆరు పుటలు, అంటే సుమారు గంట, ఆగి చూడటం ఇందుకే. ఈ కరెంటు ఖర్చు వద్దనే 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే ఇంకో క్రిప్టోకరెన్సీ ఆ పద్ధతి మానేసి, సొంత నాణేలు తాకట్టు పెట్టినవారికే పుట రాసే వంతు ఇస్తోంది.

పుట రాసేవాడు మన ఖాతాలోంచి లాగేసుకోలేడా? లాగలేడు, సంతకం కావాలి. వేలిముద్ర ఎప్పుడూ ఒకటే, ఎవరైనా నకలు తీయొచ్చు. ఈ సంతకం అలా కాదు. ఖాతాదారు దగ్గర మాత్రమే ఉండే రహస్య సంఖ్యనూ ఆ పద్దులోని మాటలనూ కలిపి లెక్క కట్టేది కాబట్టి ప్రతి పద్దుకూ వేరుగా ఉంటుంది. సంతకం సరైనదో కాదో ఎవరైనా సరిచూడొచ్చు, రహస్య సంఖ్య మాత్రం బయటపడదు. దాన్ని 12 లేదా 24 మాటలుగా కాగితం మీద రాసి దాచుకుంటారు. ఆ కాగితం పోతే డబ్బు పోయినట్టే, కొత్త పాస్‌బుక్ ఇచ్చే మేనేజర్ ఉండడు. అన్నట్టు, ‘మా కాయిన్‌లో పెట్టండి, నెలకు పది శాతం’ అనేవాళ్లు వాట్సాప్‌లో తగిలితే, పుస్తకం ఎక్కడుంది, నేనే సరిచూసుకోవచ్చా అని అడిగి చూడండి.

పోయిన సంక్రాంతికి ఇదంతా మామకు చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు.

“తప్పు పద్దు పడితే ఎట్లా కొట్టేసేది?”

“కొట్టేయలేం మామా. తీసుకున్నోడే మళ్లీ సంతకం పెట్టి వెనక్కి పంపాల.”

“మా మండీలోనూ కొట్టివేత లేదులే, తిరుగు పద్దు రాసేవాళ్లం” అని తలూపాడు. కాసేపాగి, “సరే, బెల్లం దిమ్మెలు దిగినాయో లేదో ఆ పుస్తకానికి ఎవరు చెప్తారు?” అన్నాడు.

ఎవరో ఒక మనిషి చెప్పాల్సిందే. తన నాణేలు ఎవరి నుంచి ఎవరికి పోయాయో తప్ప ఆ పుస్తకానికి బయటి సంగతేదీ తెలియదు. మామ నవ్వి, “అయితే ఇంకా గుమాస్తా కావాలన్నమాట” అని టీ తెమ్మన్నాడు.