పిన్ నొక్కే క్షణం

యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. బ్యాంకులు, పోలీసులు ఈ మాటను ఎన్నేళ్లుగానో ఎస్సెమ్మెస్‌లలో, పోస్టర్లలో చెబుతూనే వచ్చారు. అడిగితే చాలామంది తడుముకోకుండా అప్పజెప్పగలరు కూడా. అయినా పాత సోఫాను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన మనిషి, కొంటానన్నవాడు పంపిన కలెక్ట్ రిక్వెస్టుకు, అంటే డబ్బు పంపమని యాప్‌లో అడిగే అభ్యర్థనకు, పిన్ కొట్టి ఉన్న డబ్బు పోగొట్టుకునేవాడు.

ఆ తెరను ఒకసారి దగ్గరగా చూడాలి. రిక్వెస్టుతో పాటు కనిపించే చిన్న వ్యాఖ్యను రాసేది మోసగాడే కనుక, అక్కడ 'అడ్వాన్స్' అనో 'రీఫండ్' అనో పెట్టేవాడు. ఫోన్ పెట్టనివ్వకుండా మాట్లాడుతూనే 'త్వరగా ఓకే చేయండి సార్' అనేవాడు. రావలసిన అంకె, నమ్మకం పుట్టించే వ్యాఖ్య కంటికి ఆనేవి గానీ, రోజూ చూసే 'పే' అన్న మాట ఆనేది కాదు. తెలిసిన సంగతి ఆ హడావుడిలో గుర్తుకు రాకపోవడమే ఇక్కడి చిక్కు. దానికి మరో పోస్టర్ మందు కాదు.

భయపెట్టడమూ అంతంతమాత్రమే. భయం కలిగినంత మాత్రాన మనిషి జాగ్రత్తపడడని, చెప్పిన పని తనవల్ల అవుతుందని, దానివల్ల ఫలితం ఉంటుందని నమ్మినప్పుడే ఆచరిస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ రోజర్స్ 1975లో ప్రతిపాదించి, 1983లో విస్తరించిన సిద్ధాంతం చెబుతుంది. పైగా పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' మోసంలో భయం మోసగాడి చేతిలోనే ఉంటుంది. 2024 అక్టోబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆగండి, ఆలోచించండి, ఆపై చర్య తీసుకోండి అని చెప్పారు. ఆ మూడింటిలో మొదటిదే అసలైనదని నా అభిప్రాయం. ఫోన్ కట్ చేయడం ఎవరైనా చేయగల పని, వణికిపోతున్నవేళ ఆలోచించడం అలాంటిది కాదు. ఆ తర్వాత వచ్చిన కాలర్ ట్యూన్ హెచ్చరిక మనం ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు వినిపించేది. గంటల తరబడి వీడియో కాల్‌లో బందీగా ఉన్న మనిషి ఎవరికీ ఫోన్ చేయడు.

వాడేవాళ్లను తప్పుపట్టడం కన్నా వ్యవస్థను సరిచేయడం మేలని పరిశోధకులు ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ 1999లోనే పాస్‌వర్డుల విషయంలో వాదించారు. కలెక్ట్ రిక్వెస్టుల విషయంలో చివరికి జరిగింది అదే. వ్యక్తుల మధ్య ఈ రిక్వెస్టులను 2025 అక్టోబరు నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిలిపివేయించింది. ఎవరి అలవాటునూ మార్చనక్కర్లేకుండానే ఆ దారి మూసుకుపోయింది. వ్యాపారుల రిక్వెస్టులను మాత్రం అప్పుడు కొనసాగనిచ్చింది.

అలాగని ప్రచారం దండగ అనలేం, ఎందుకంటే అన్ని మోసాలకూ ఇలా మూయదగిన తలుపు ఉండదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, సమాచారం బ్యాంకులకు చేరి, సొమ్ము ఇంకా ఖాతాల్లో ఉంటే దాన్ని స్తంభింపజేసే వీలుంది. మోసగాళ్లు దాన్ని అద్దె ఖాతాల గుండా దాటించేస్తారు కనుక ప్రతి నిమిషమూ లెక్కే. కాబట్టి ఎన్ని కాలేజీల్లో సైబర్ జాగ్రత్త ప్రతిజ్ఞ చేయించారన్న దానికన్నా, బాధితులు ఎంత త్వరగా ఫోన్ చేస్తున్నారన్నది లెక్కగట్టడం ఉపయోగం. 'అత్యాశకు పోతే మోసపోతారు' అని రాసిన పోస్టర్ ఈ లెక్కలో నష్టం చేసేదే. దాన్ని చదివిన మనిషి తనకు జరిగింది ఇంట్లోవాళ్లకు సైతం చెప్పుకోలేక, ఆ నిమిషాలను సిగ్గుతోనే గడిపేస్తాడు.