పిగిలిపిట్ట నాటిన కంప

వెలిగొండల పాదాన, పెంచలకోన వైపు అడవిలో ఎండిన చెట్టు కనిపిస్తే కొమ్మలకన్నా ముందు మొదలును చూడాలి. చుట్టూ నేల బోడిగా ఉన్నా, కొమ్మలు చాచిన మేర తలంబ్రాల కంప గుబురుగా లేచి ఉండడం తరచూ కనిపిస్తుంది. కొందరు పులికంప అని కూడా పిలిచే ఈ లాంటానాను అక్కడ ఎవరూ నాటలేదు. పైన వాలిన పిగిలిపిట్టలు రెట్ట వేశాయి, అంతే.

అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలకు చెందిన ఈ మొక్కను 19వ శతాబ్ది ఆరంభంలో పూల అందం కోసం కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగులు కలిసే ఆ పూలు చివరికి మిరియపు గింజంత నల్లని, నిగనిగలాడే పండ్లవుతాయి. పిట్టకు కావలసింది పైనున్న పలుచని గుజ్జు మాత్రమే. లోపలి టెంక అరగక, సాధారణంగా గంటలోపే రెట్టతో బయటపడుతుంది, కానీ ఆ కాస్త సమయంలోనే పిట్ట వాగు దాటి మరో చెట్టు చేరి ఉంటుంది. గుజ్జు ఒలిచిపోయిన విత్తనం మరింత సులువుగా మొలుస్తుంది కూడా. పరికి, బలుసు వంటి మన అడవి పండ్లు తమ రుతువులో వచ్చి పోతాయి, ఈ కంప మాత్రం తేమ తగిలిన ప్రతిసారీ పూసి కాస్తుంది కనుక, పిట్టలు దాన్ని మరిగితే ఆశ్చర్యమేముంది?

సర్కారు తుమ్మ దారి వేరు. దాని తియ్యని కాయలను మేకలు, పశువులు తిని పేడలో గింజలు విడుస్తాయి. లాంటానా ఆకు విషపూరితం. తిన్న పశువుకు కాలేయం చెడుతుంది. కాబట్టి మంద పక్కనున్న మొక్కలను కొరికి, దీన్ని వదిలేస్తుంది.

పిట్టను తప్పుపట్టలేము. నెల్లూరు పల్లెల్లో తాడిచెట్టు మొదట్లో మొలిచే వేపమొక్క కూడా చాలాసార్లు పక్షుల చలవే. కంపను పైపైన నరికితే మొదలు మళ్లీ చిగురిస్తుంది. వేరుతో పెకలించినా, పక్షులు కొత్త విత్తనం తెస్తూనే ఉంటాయి. అందుకే శుభ్రం చేసిన చోట వానల తర్వాత మొదట వెతకవలసింది పిట్టలు వాలే చెట్ల కిందనే. పలకలుగా ఉన్న లేత కాండం, గరుకు ఆకు, నలిపితే ఘాటైన వాసన దాని ఆనవాళ్లు. అప్పుడైతే తడి నేలలోంచి చేత్తో లాగినా వచ్చేస్తుంది. రెండేళ్లు ఆగితే గడ్డపార కావాలి.