మతాన్ని చదివేవాళ్ళ గురించి: అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయంలో మతాధ్యయనం నా పని. హిందుత్వ మీద చర్చ మొదలైతే చాలు, అటువాళ్ళూ ఇటువాళ్ళూ మా గురించి చెప్పే మాటల్లో కొన్ని అసలు నిజం కావు. అవి అలాగే పాతుకుపోతుంటే బాధేస్తోంది.

అపోహ: ఈ రంగంలో ఉన్నవాళ్ళంతా నాస్తికులు.
వాస్తవం: రోజూ పూజ చేసుకునేవాళ్ళూ ఉన్నారు, చేయనివాళ్ళూ ఉన్నారు. మూలభాష తెలుసా, ఆధారం చూపగలరా అన్నదే మాకు ముఖ్యం.

అపోహ: హిందూ మతం, హిందుత్వ ఒకటే. ఒకదాన్ని విమర్శిస్తే రెండోదాన్ని తిట్టినట్టే.
వాస్తవం: ఈ రెండూ వేరని హిందుత్వ సిద్ధాంతకర్త సావర్కరే 1923లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. హిందుత్వ పెద్దదనీ, హిందూ మతం అందులో ఒక భాగమనీ ఆయన వాదన. పితృభూమి, రక్తసంబంధం, సంస్కృతి చుట్టూ ఆ నిర్వచనం అల్లారు. కానీ ఈ నేలను తన మతానికి పవిత్రభూమిగా కూడా భావించాలనే 'పుణ్యభూమి' అన్న మాటతో మతం మళ్ళీ లోపలికి వస్తుంది. మా చర్చంతా అక్కడే.

అపోహ: హిందువుల చరిత్ర మీద అమెరికన్ పండితురాలు వెండీ డోనిగర్ రాసిన పుస్తకాన్ని కోర్టు నిషేధించింది.
వాస్తవం: ఏ కోర్టూ నిషేధించలేదు. దీనానాథ్ బాత్రా వేసిన కేసు తీర్పు దాకా వెళ్ళకముందే, 2014 ఫిబ్రవరిలో పెంగ్విన్ సంస్థ రాజీపడి పుస్తకాన్ని భారత్‌లో వెనక్కి తీసుకుంది. శివాజీ మీద జేమ్స్ లేన్ రాసిన పుస్తకం మాత్రం తీర్పు దాకా వెళ్ళింది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధనా సంస్థ పండితులకు రచయిత ఆ పుస్తకంలో కృతజ్ఞతలు చెప్పారన్న కోపంతో 2004 జనవరిలో ఆ సంస్థ మీద గుంపు దాడి చేసింది. మహారాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని 2007లో బొంబాయి హైకోర్టు కొట్టేస్తే, 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. ఆ గుంపు చేతిలో పాడైన పుస్తకాల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అపోహ (ఇది మావాళ్ళలోనే ఉంది): ఆక్షేపించేవాళ్ళంతా పుస్తకం చదవని మూక.
వాస్తవం: రామకృష్ణ పరమహంస మీద అమెరికన్ పండితుడు జెఫ్రీ క్రైపల్ 1995లో ఒక పుస్తకం తెచ్చారు. రామకృష్ణ సంప్రదాయానికి చెందిన స్వామి త్యాగానంద బెంగాలీ మూలాన్ని పక్కన పెట్టుకుని అందులోని అనువాద దోషాలను ఒక్కొక్కటిగా చూపించారు. అది అచ్చమైన పాండిత్యం. బెదిరింపు ఉత్తరాన్నీ అలాంటి సమీక్షనూ ఒకే గాటన కట్టడం మా తప్పు.

అపోహ: 'అనేక రామాయణాలు' విదేశీ పండితుల కల్పన.
వాస్తవం: రామాయణానికి ఎన్నో రూపాలున్నాయని చెప్పే ఒక వ్యాసాన్ని 2011లో ఢిల్లీ విశ్వవిద్యాలయం చరిత్ర పాఠాల నుంచి తీసేసింది; దాన్ని రాసిన ఎ.కె. రామానుజన్ మైసూరులో పుట్టినవారు. మన తెలుగువాళ్ళకైతే ఆధారం ఇంట్లోనే ఉంది. లక్ష్మణుడు అడవికి వెళ్తే పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ కథ వాల్మీకిలో లేదు, మన ఆడవాళ్ళ పాటల్లో ఉంది. తెలుగు సాహిత్య పండితుడు వెల్చేరు నారాయణరావు ఆ పాటలను పరిశీలించి రాశారు. వాటిని పాడుకున్న అమ్మమ్మల భక్తిని ఎవరు శంకించగలరు?