ఐక్యరాజ్యసమితి ఒప్పందాలు బెంగళూరు కోర్టులో చెల్లుతాయా?

బెంగళూరులో ఎవరికి ఏ కడుపుమంట ఉన్నా చివరికి చేరాల్సిన చోటు ఒకటే, శేషాద్రి రోడ్డులోని ఫ్రీడమ్ పార్కు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, వీధులు ఊడ్చే పౌరకార్మికులు, ఈమధ్య డెలివరీ కుర్రాళ్లు, అందరూ అక్కడే కూర్చోవాలి. నగరంలో ఇంకెక్కడా ధర్నా చేయకూడదని 2021 నాటి పోలీసు ఉత్తర్వు ఉంది.

డెలివరీ కుర్రాళ్లలో అనంతపురం, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను ఎక్కువగా భయపెట్టేది కమీషన్ తగ్గడం కాదు, ఐడీ బ్లాక్ కావడం. పొద్దున్నే యాప్ తెరిస్తే లాగిన్ అవదు. కారణం చెప్పరు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చి పెట్టేస్తారు. బైకు ఈఎంఐ మాత్రం ఆగదు. ఇలా మాట కూడా అడగకుండా పని తీసేయడం మానవ హక్కుల ఉల్లంఘన కాదా అని లాయర్లను అడిగితే సూటిగా జవాబు రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ఆ పార్కు పాత చరిత్ర దగ్గర మొదలుపెట్టాలి.

అది ఒకప్పటి బెంగళూరు సెంట్రల్ జైలు. జైలును పరప్పన అగ్రహారకు తరలించాక 2008లో పార్కుగా తెరిచారు. కాపలా బురుజు, కొన్ని బ్యారక్‌లు ఇప్పటికీ ఉన్నాయి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ప్రతిపక్ష నేతలు వాజ్‌పేయి, ఆడ్వాణీ, మధు దండవతే పార్లమెంటరీ కమిటీ పని మీద బెంగళూరులోనే ఉన్నారు. 26న వాళ్లను అరెస్టు చేసి ఈ జైలుకే తెచ్చారు. నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్లను వాళ్లు కర్ణాటక హైకోర్టులో వేశారు. ప్రాథమిక హక్కులు సస్పెండ్ అయ్యాయి కాబట్టి పిటిషన్లే చెల్లవని కేంద్రం వాదించింది, హైకోర్టు ఒప్పుకోలేదు. దేశంలో ఇంకొన్ని హైకోర్టులూ అలాగే అన్నాయి. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏడీఎం జబల్‌పూర్ కేసుగా అందరికీ తెలిసిన వ్యవహారం అదే.

1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. అక్రమంగా నిర్బంధించినా సరే, ఎమర్జెన్సీలో కోర్టుకెళ్లే దారి లేదని నలుగురు జడ్జీలు తేల్చేశారు. నాలుగు రోజుల తర్వాత, మే 2న, స్నేహలతా రెడ్డిని అరెస్టు చేశారు. ఆమె రంగస్థల నటి, నెల్లూరు నుంచి వచ్చిన తెలుగు కవి, సినీ దర్శకుడు పఠాభి భార్య. పేలుళ్లకు కుట్ర పన్నారంటూ పెట్టిన బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి పట్టుకెళ్లారు. ఛార్జిషీటులో ఆమె పేరే లేదు, అయినా వదల్లేదు. ఆస్తమా మనిషి, సరైన వైద్యం అందలేదు. ఎనిమిది నెలలు ఈ జైల్లోనే ఉన్నారు. అదే జైల్లో ఉన్న దండవతే, రాత్రిళ్లు ఆమె కేకలు తన గదికి వినపడేవని తర్వాత రాసుకున్నారు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న చనిపోయారు. ఏప్రిల్ 28 తీర్పు మరోలా వచ్చి ఉంటే ఆమెను వదిలేవారని రూఢిగా చెప్పలేం గానీ, అడగడానికి ఒక కోర్టయినా మిగిలేది.

ఆ తీర్పులో ఒప్పుకోని జడ్జి ఒక్కరే, హెచ్.ఆర్. ఖన్నా. ఆయన భిన్నాభిప్రాయం పేరు చాలామంది వింటారు గానీ, అందులో మన కథకు పనికొచ్చే భాగాన్ని పెద్దగా పట్టించుకోరు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 8, 9 అధికరణాలను ఆయన ఎత్తిచూపారు. ఒకటి హక్కు పోయినప్పుడు కోర్టు దిక్కుగా ఉండాలంటుంది, రెండోది ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదంటుంది. దేశ చట్టానికీ అంతర్జాతీయ చట్టానికీ పొసగకపోతే దేశ చట్టాన్నే పాటించాలి. కానీ దేశ చట్టాన్ని రెండు రకాలుగా చదవగలిగితే అంతర్జాతీయ చట్టంతో పొసిగేలా చదవాలి. ఖన్నా అన్నది అంతే. ఆ తర్వాత యాభై ఏళ్లు మన కోర్టుల్లో జరిగిన వాదనంతా ఈ రెండో ముక్క చుట్టూనే నడిచింది.

నిజానికి ఒప్పందాల మీద సంతకాలు పెట్టడంలో మనదేశం మరీ వెనకబడలేదు. వాటిని ఇంటి దాకా రానివ్వడంలోనే పేచీ. రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలంటుంది, అయితే అది ఆదేశిక సూత్రం, కోర్టులో పట్టుబట్టలేం. 253వ అధికరణం ప్రకారం ఒప్పందాన్ని అమలు చేసే చట్టం పార్లమెంటు చేయాలి. ఎమర్జెన్సీ పోయాక, 1979 ఏప్రిల్‌లో, భారత్ ఐరాస పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది. చేరుతూనే షరతులు పెట్టింది. అక్రమ నిర్బంధానికి పరిహారం ఇవ్వాలని ఒడంబడిక అంటే, మా న్యాయవ్యవస్థలో ఆ హక్కు లేదని రాసిచ్చింది. పౌరులు నేరుగా ఐరాస కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలున్న అదనపు ఒప్పందంలో ఇప్పటికీ చేరలేదు.

మరుసటి ఏడాదే జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు ఒక అప్పు కేసు వచ్చింది. జాలీ జార్జ్ వర్గీస్ బ్యాంకు బాకీ తీర్చలేదు, జైల్లో పెట్టమని బ్యాంకు అడిగింది. కాంట్రాక్టులో ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయినంత మాత్రాన ఎవరినీ జైల్లో పెట్టకూడదని ఒడంబడిక 11వ అధికరణం అంటుంది. ఒడంబడిక నేరుగా మన చట్టం కాదని కృష్ణయ్యరే ఒప్పుకున్నారు. అయినా సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను దాని వెలుగులో చదివి, చేతిలో డబ్బుండీ ఎగ్గొట్టేవాడినే జైలుకు పంపాలి, నిజంగా లేనివాడిని కాదు అని తేల్చారు. ఖన్నా ఒంటరిగా చెప్పిన మాట నాలుగేళ్లలో తీర్పయింది.

ఇక 1988 ఫిబ్రవరి 24 నుంచి 26 దాకా బెంగళూరులో వివిధ దేశాల జడ్జీల సమావేశం జరిగింది. ఊరి పేరు ప్రపంచ న్యాయశాస్త్రంలోకి ఎక్కింది అప్పుడే, ఐటీతో పేరు రాకముందు. పిలిచింది జస్టిస్ పి.ఎన్. భగవతి. ఏడీఎం జబల్‌పూర్‌లో ఆ నలుగురిలో ఆయనా ఒకరు. ఆ తీర్పు తప్పని బహిరంగంగా ఒప్పుకోవడానికి ఆయనకు 2011 దాకా పట్టింది. ఈ సమావేశాన్ని మనసులోని ప్రాయశ్చిత్తం అనుకోవచ్చో లేదో గానీ, అక్కడ రాసుకున్నది మాత్రం ఖన్నా మాటే. ఆస్ట్రేలియా నుంచి మైఖేల్ కర్బీ, అమెరికా నుంచి అప్పటికింకా సుప్రీంకోర్టుకు వెళ్లని రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, పాకిస్తాన్ ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ హలీమ్, జింబాబ్వే ప్రధాన న్యాయమూర్తి ఎనాక్ డుంబుత్‌షెనా వచ్చారు.

ముగింపులో పది పేరాల ప్రకటన చేశారు. వాటినే బెంగళూరు సూత్రాలంటారు. ఏడో పేరా అసలైనది: రాజ్యాంగంలో గానీ చట్టంలో గానీ అస్పష్టత ఉంటే, దేశం ఒప్పుకున్న అంతర్జాతీయ బాధ్యతలను జడ్జి చూడొచ్చు, పార్లమెంటు వాటిని చట్టం చేసినా చేయకపోయినా. ఎనిమిదో పేరా దానికి కళ్లెం: చట్టం స్పష్టంగా ఉంటే చట్టమే చెల్లుతుంది, తేడా ఉందని జడ్జి సర్కారు దృష్టికి తేవాలి, అంతే. అంతర్జాతీయ ఒప్పందాలు జడ్జి పని కాదన్న పాఠంతోనే పెరిగిన కర్బీ, ఆ మూడు రోజుల తర్వాత ఏళ్ల తరబడి ఈ సూత్రాలనే చెబుతూ తిరిగారు.

తర్వాతి పదేళ్లు మన సుప్రీంకోర్టుకు మంచి కాలం. 1987 డిసెంబరులో ఒడిశాలో 22 ఏళ్ల సుమన్ బెహరాను పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు, మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. వాళ్లమ్మ నీలావతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. 1993లో కోర్టు ఆమెకు లక్షన్నర ఇప్పించింది. పరిహారం హక్కు మాకు లేదని భారత్ షరతు పెట్టిన ఒడంబడిక అధికరణాన్నే తీర్పులో ఉదహరించింది. 1996 డిసెంబరులో, లాకప్ మరణాల మీద వచ్చిన డీకే బసు కేసులో, ఆ షరతుకు ఇక అర్థం లేదని తేల్చేసింది. 1997లో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మణిపూర్‌లో ఎన్‌కౌంటర్ పేరుతో ఇద్దరిని కాల్చిచంపిన కేసులో ఒక్కో కుటుంబానికి లక్ష ఇప్పించారు. ఒప్పందాల మీద సంతకం పెట్టేది సర్కారే, పార్లమెంటు కాదు. మరి వాటిని చట్టంలోకి జడ్జీలు దొడ్డిదారిన తెస్తే ఎలా అన్న అభ్యంతరాన్ని ఆయన దాటవేయలేదు, చర్చించారు. నన్నడిగితే ఈ విషయంలో అన్నింటికన్నా నిజాయితీ ఉన్న తీర్పుల్లో అదొకటి.

ఆ ఏడాది ఆగస్టులోనే, విశాఖ అనే మహిళా సంస్థ వేసిన కేసులో తీర్పు. వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఏ ఆఫీసు క్యాంటీన్ దగ్గరైనా గోడ మీద ఒక నోటీసు కనిపిస్తుంది. లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. గుంటూరు నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన అమ్మాయికి అది హెచ్‌ఆర్ వాళ్లు అంటించిన కాగితం. దాని మూలం 1979లో ఐరాస ఆమోదించిన, 1993లో భారత్ ధ్రువీకరించిన, మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందంలో ఉంది. ఈ వేధింపులపై మనకు చట్టమే లేదు కాబట్టి, ఆ ఖాళీలో ఒప్పందాన్ని ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు మార్గదర్శకాలు రాసింది. పార్లమెంటు చట్టం చేయడానికి 2013 దాకా పట్టింది.

ఏడీఎం జబల్‌పూర్ తీర్పునే 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి రిటైర్డ్ హైకోర్టు జడ్జి, బెంగళూరులోనే ఉండేవారు.

ఇలా చెబితే అంతా గెలుపులా ఉంటుంది. కాదు. చట్టం మౌనంగా ఉన్నచోట, సర్కారు పెద్దగా అడ్డుపడనిచోట ఈ పద్ధతి బాగా పనిచేసింది. దేశ భద్రత అన్న మాట రాగానే అదే సుప్రీంకోర్టు వెనక్కి తగ్గింది. జమ్ములో నిర్బంధించిన రోహింగ్యాలను మయన్మార్ పంపొద్దని 2021లో అడిగితే, శరణార్థుల ఒప్పందంలో భారత్ లేదన్న వాదన బల్ల మీదికొచ్చింది. పద్ధతి ప్రకారం పంపుకోవచ్చని కోర్టు అంది. చిత్రహింసల నిషేధ ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టాం, ధ్రువీకరణ ఇప్పటికీ లేదు. ఏ జడ్జి, ఏ కాలం, ఏ కేసు అన్నదాన్ని బట్టి మారే హక్కును నమ్ముకుని పిటిషన్ వేయాలంటే ఏ లాయరుకైనా టెన్షనే.

డెలివరీ కుర్రాడి విషయంలో ఇంకో చిక్కు. ఈ ఒప్పందాలన్నీ రాజ్యాలను కట్టడి చేయడానికి రాసినవి. స్నేహలతా రెడ్డిని జైల్లో పెట్టింది సర్కారు, సుమన్ బెహరాను తీసుకెళ్లింది పోలీసులు. ఐడీ బ్లాక్ చేసింది ఒక కంపెనీ, దాంట్లోనూ మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. కంపెనీలు మానవ హక్కులను గౌరవించాలని 2011లో ఐరాస మార్గదర్శక సూత్రాలు తెచ్చింది, వాటికి చట్టబలం లేదు. కట్టుబాటుండే ఒప్పందం రాయాలని 2014లో మానవ హక్కుల మండలి తీర్మానించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటేసింది. ఆ ముసాయిదా మీద బేరసారాలు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి.

ఈ ఖాళీలోకే కర్ణాటక వచ్చింది. 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల (యాప్ పనివాళ్ల) చట్టం ప్రకారం ఐడీ తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పి 14 రోజుల నోటీసివ్వాలి. సంక్షేమ నిధికి కంపెనీలు 1 నుంచి 5 శాతం దాకా రుసుము కట్టాలి. అదే ఏడాది జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యాప్ పనివాళ్ల కోసం సలహా పత్రంతో సరిపెట్టకుండా ఒప్పందమే చేయాలని నిర్ణయించింది, రెండో విడత చర్చను 2026కు పెట్టుకుంది. ఆ ఒప్పందం వచ్చినా భారత్ ధ్రువీకరిస్తేనే లెక్క. ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కుల ఒప్పందానికి 2011లో జెనీవాలో మనవాళ్లు చేయెత్తారు, ధ్రువీకరణ మాత్రం నేటికీ జరగలేదు. ఈలోగా కర్ణాటక చట్టంలో ఏదైనా మాట రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉండి కేసు హైకోర్టుకు వెళితే, కార్మికుడి లాయరు చేతిలో ఉండేది బెంగళూరు సూత్రాల్లోని ఆ ఏడో పేరానే.